కళ్లంలో తాత వాటా

తాతల బతుకుదెరువులు: ఆరో భాగం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల పాత భూమి కాగితాలు తిరగేసేవాళ్లకు తరచుగా తగిలే మాట ఒకటుంది: సేత్‌సింధి. ఊళ్లో దాన్ని షేక్‌సింధి అంటారు. ఆ పేరు చూసి కొందరు అదేదో ముస్లిం కుటుంబం పొలం అనుకుంటారు, కొందరు సింధు దేశం నుంచి వలస వచ్చినవాళ్లదనుకుంటారు, ఇంకొందరు అదొక కులం పేరని సరిపెట్టుకుంటారు. ఆ మాటలో షేకూ లేడు, సింధూ లేదు. మరాఠీలో శేత్ అంటే పొలం. సనద్ అంటే సర్కారు ముద్రతో ఇచ్చిన పత్రం. సనదు మీద పొలం పొంది, బదులుగా ఊరి కాపలా, పోలీసు పని చేసేవాణ్ని మరాఠా సీమలో శేత్‌సనదీ అన్నారు. నిజాం రాజ్యం కచేరీల్లో నలిగి నలిగి ఆ మాట మన దగ్గరికి వచ్చేసరికి సేత్‌సింధి అయింది. పోలీస్ పటేలు వెంట తిరగడం, రైతులను చావడికి పిలుచుకురావడం, వసూలైన శిస్తు తాలూకా ఖజానాకు పోతుంటే తోడు నడవడం, రాత్రిపూట ఊరు కాయడం ఆ మనిషి పని. పైకం మూట పక్కన నడిచే మనిషిని ఏ ఊరూ చూడకుండా ఎంచుకోదు. అలాంటి నమ్మకం మీద బతికిన తాత గురించి మనవడికి తెలిసిందల్లా అర్థం కాని ఒక పేరు, ఎవరిదో తెలియని ఒక సర్వే నంబరు.

ఈ భాగంలో నేను నిలబెట్టదలచుకున్న వాదం ఒక్కటే. తాత ఏం చేసి బతికాడో తెలియాలంటే కులం పేరు దగ్గర ఆగకూడదు, పంట కళ్లంలో ఆయనకు ముట్టిన వాటా ఏమిటో వెతకాలి. ఇంగ్లండులో వంశచరిత్ర వెతుక్కునేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. అక్కడ 1837 నుంచి పెళ్లి నమోదులో వరుడి వృత్తితో పాటు వధూవరుల తండ్రుల వృత్తులు కూడా రాస్తూ వచ్చారు. అందుకే అక్కడివాళ్లకు తమ ముత్తాత తెల్లవారుజామున పొడుగాటి కర్రతో కిటికీలు తట్టి మిల్లు కార్మికులను లేపి బతికినవాడని తెలిసి ఆశ్చర్యపోయే వీలుంది. మన పల్లెల్లో అప్పట్లో పెళ్లికి అలాంటి రిజిస్టరు ఉండేది కాదు. హైదరాబాద్ రాజ్యంలో 1881లో మొదలైన జనాభా లెక్కలు వృత్తులను అడిగాయి కానీ అచ్చయినవి మొత్తాలే. మనిషి పేరు, అతని పని పక్కపక్కన ఉండే కాగితం మనవడి చేతికి రాదు. 1920లో సయ్యద్ సిరాజుల్ హసన్ నిజాం రాజ్యంలోని కులాల మీద ప్రచురించిన పెద్ద గ్రంథం పని గురించి చాలా చెబుతుంది, కానీ అన్నీ కులం తలకట్టు కిందే చెబుతుంది. అది చదివినవాడు తన తాతను ఆ తలకట్టు కింద పెట్టి పుస్తకం మూసేస్తాడు. అక్కడే వెతుకులాట ఆగిపోతున్నది.

కళ్లం ఎందుకంటే, పాత ఊళ్లో పనికి ఫలితం ముట్టింది అక్కడే కాబట్టి. వరి కొట్టి, తూర్పారబట్టి, రాశి పోశాక రైతు గింజ ఇంటికి చేర్చకముందే ఊరి పనివాళ్లు చేటలతో, గోనెలతో కళ్లానికి వచ్చేవాళ్లు. ఒక్కొక్కరికి కొలిచి ఇచ్చేదాన్ని మేర అనేవాళ్లు. బట్టలు కుట్టే మేర కులానికీ ఈ మేరకూ సంబంధం లేదు, కొత్తగా వెతికేవాళ్లు ఇక్కడ తడబడతారు కనుక చెబుతున్నాను. కుంచాలు, తూములు, పుట్లు అప్పటి కొలతలు. నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. ఈ మేర అందుకునేవాళ్లను ఆయగాళ్లు అన్నారు, నిజాం కాగితాల్లో బలుతదార్లు అన్నారు. వాళ్లు పన్నెండుగురని లోకంలో మాట, అయితే ఆ పన్నెండు మాటవరసకే. చెరువు ఉన్న ఊళ్లో నీళ్లు పంచే నీరటి ఉంటాడు, లేని ఊళ్లో ఉండడు. పెద్ద ఊళ్లో తలారి, సేత్‌సింధి వేరువేరుగా ఉంటారు, చిన్న ఊళ్లో ఒక్కడే రెండూ చేస్తాడు. ఊరి అవసరమే ఈ జాబితాను దిద్దింది.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం తెలిసిందే. కుమ్మరి కుండ చేస్తాడు, చాకలి బట్టలుతుకుతాడు, కమ్మరి కర్రు సాగదీస్తాడు, కులం తెలిస్తే పని తెలిసినట్టే కదా అంటారు. సగం వరకు నిజమే. కానీ ఊరి లెక్క వేసి చూడండి. ఒక ఊళ్లో కుమ్మరి ఇళ్లు పది ఉంటే మేర హక్కు పదిళ్లకూ పంచలేరు. అది వంతుల వారీగానో, పెద్ద కొడుకు వరసలోనో తిరుగుతుంది. మిగిలిన అన్నదమ్ములు పాలేరుతనం చేశారు, బండి తోలారు, తాపీ పని నేర్చారు, కృష్ణ దాటి కూలికి పోయారు. కులం పేరు వాళ్లందరినీ కుమ్మర్లుగానే చూపిస్తుంది. ఇక నీరటి, తలారి, సేత్‌సింధి వంటి పనులకు కులం పేరు ఆనవాలే కాదు. ఒక ఊళ్లో నీరటితనం మాలలది, ఇంకో ఊళ్లో ముదిరాజులది. ఒక చెరువుకు కావలసింది ఒకరో ఇద్దరో నీరట్లు, అంతే. కాబట్టి తాత ముదిరాజు అని తెలిసినంత మాత్రాన ఆయన చేపలు పట్టాడో, తోట కాపలా కాశాడో, చెరువు తూము చేతిలో పెట్టుకుని నలభై ఎకరాల వరికి ప్రాణం పోశాడో తెలియదు.

నీరటి దగ్గర కాసేపు నిలబడాలి, ఎందుకంటే ఇంత నేర్పున్న పని ఇంత త్వరగా మరుపున పడింది మరొకటి కనిపించదు. పాత చెరువు కట్టకు లోపలి వైపు నీళ్లలో రెండు నిలువు రాళ్లు కనిపిస్తాయి. వాటి మధ్య అడ్డంగా రాతి పలకలు, పలకల్లో పైనుంచి కిందికి వరుసగా రంధ్రాలు. ఆ రంధ్రాల్లోంచి దిగిన పొడుగాటి కర్ర చివర బిరడా, అడుగున తూము కన్నానికి సరిగ్గా కూర్చుంటుంది. కర్ర ఎత్తితే కట్ట కింది నుంచి నీళ్లు కాలువలోకి దూకుతాయి. ఎంత ఎత్తాలన్నదే అసలు విద్య. రెండు వేళ్లు ఎక్కువ ఎత్తితే మొదటి మళ్లు మునుగుతాయి, తక్కువ ఎత్తితే చివరి మడి దాకా నీరు పారదు. బిరడా ఇరుక్కుంటే నీళ్లలో మునిగి చేత్తో తడిమి కదిలించాలి. వానాకాలం ఆబీ పంట సంగతి సరే, చెరువు సగం నిండిన ఏడు తాబీ పంటకు ముందు రైతులూ పటేలూ పట్వారీ కూర్చుని తైబందీ చేసేవాళ్లు. ఉన్న నీళ్లకు ఎంత ఆయకట్టు సాగుతుంది, ఎవరి మళ్లు నాటాలి, ఎవరివి బీడు పెట్టాలి అన్నది అప్పుడు తేలుతుంది. ఆ తీర్మానాన్ని రోజూ మడి మడికీ అమలు చేసేది నీరటి. వరి పొట్టకొచ్చిన వారంలో నీళ్లు తప్పితే తాలు తప్ప గింజ ఉండదు. ఆ వారం కాలువ గట్టున పార పట్టుకు నిలబడ్డ మనిషి మాటకు భూస్వామి అయినా ఆగవలసిందే, లేకపోతే వంతు అన్నదే ఉండదు. కుండపోత వాన రాత్రి గొంగడి కప్పుకుని కట్ట మీద తిరుగుతూ ఎక్కడ ఊట పడుతున్నదో, అలుగు ఎంత ఎత్తున దూకుతున్నదో చూసేదీ ఆయనే. గండి పడితే పోయేది ఒక్క పంట కాదు, కింద ఊరే పోతుంది.

ఇక్కడ ఆయన జీతం ఎలా కట్టారో చూస్తే ఊరి తెలివి బయటపడుతుంది. నీరటికి పైకం ఇవ్వలేదు. ఒక్క రైతు చేత ఇప్పించలేదు. చెరువు కింద పండిన ప్రతి కళ్లంలోనూ కొంత మేర ఇచ్చారు, దాంతో పాటు తూము దగ్గరో కాలువ చివరో కొంత మాన్యం ఇచ్చారు. ప్రతి మడి నుంచి వాటా వచ్చేవాడికి ఏ మడి ఎండినా తన కంచంలో కొరతే. పెద్ద రైతుకు నీళ్లు దోచిపెట్టి చిన్న రైతును ఎండబెడితే ముందు నష్టపోయేది తానే. నిష్పక్షపాతంగా ఉండమని నీతులు చెప్పకుండా, ఉండక తప్పని విధంగా కూలి కట్టారు. ఈ సంగతి కులాల గ్రంథంలో దొరకదు. వాటా ఎవరు ఇచ్చారు, దేనికి ఇచ్చారు అని అడిగినప్పుడే దొరుకుతుంది. కళ్లాన్ని నేను ఇంత గట్టిగా పట్టుకోవడానికి ఇదే కారణం.

మరి కళ్లంలో కొలిచిన గింజలకు రాత ఎక్కడుంది? గింజలకు తక్కువే, భూమికి చాలా ఉంది. సేవకు ఇచ్చిన మాన్యాలు సర్వే తర్వాత తయారైన సేత్వారులో, ఏటేటా రాసిన పహాణీల్లో, 1954-55 నాటి ఖాస్రా పహాణీలో నమోదయ్యాయి. తెలంగాణ ప్రాంతానికి 1955లో వచ్చిన ఇనాముల రద్దు చట్టం ఊరికీ సర్కారుకూ పనికొచ్చే సేవ కోసం ఇచ్చిన ఇనాములను విడిగా ఎంచి, వాటిలో సేత్‌సింధి, నీరడి, బలుత ఇనాములని పేరుపెట్టి మరీ చెప్పింది. ఒక ఆధునిక చట్టంలోకి నీరటి పేరు ఎక్కిందంటే ఆ పని ఎంత పక్కా హక్కుగా ఉండేదో ఊహించవచ్చు. పాత కాగితాలు చూసేవాళ్లు రెండు విషయాలు తెలుసుకుని వెళ్లాలి. 1880ల వరకు కచేరీ భాష ఫారసీ, ఆ తర్వాత ఉర్దూ, కనుక తాత తెలుగు పేరు ఉర్దూ లిపిలో ఒత్తులూ దీర్ఘాలూ కోల్పోయి గుర్తుపట్టలేని విధంగా ఉండవచ్చు. రెండోది, సంవత్సరాలు ఫసలీలో ఉంటాయి. 590 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. ఫసలీ 1356 అంటే 1946 అక్టోబరులో మొదలైన ఏడు. కుటుంబంలో ఎవరైనా చనిపోతే వారసుల పేర్లు ఎక్కించే విరాసత్ ఫైళ్లు ఇంకా విలువైనవి, ఎందుకంటే వాటిలో తండ్రి, కొడుకు, మనవడు ఒకే కాగితం మీద కనిపిస్తారు. పెద్ద ఎత్తున వెతకదలచినవాళ్లకు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారం ఉంది. అక్కడ మొగలుల కాలం నాటి ఫారసీ పత్రాలు కూడా భద్రంగా ఉన్నాయి.

ఇంటిపేరు చాలదా అని అడిగేవాళ్లుంటారు. నీరటి, తలారి, కావలి, బేగరి, పట్వారి, కోత్వాల్, జమేదార్ వంటి ఇంటిపేర్లు మన ప్రాంతంలో ఉన్నాయి, అవి పనిని సూటిగా చెబుతున్నట్టే ఉంటాయి. అయినా నేను ఇంటిపేరును సాక్ష్యంగా కాక ఆచూకీగానే తీసుకుంటాను. తెలుగు ఇంటిపేర్లలో ఎక్కువ భాగం ఊరి పేర్లు. పిల్లలమర్రి అన్న ఇంటిపేరు సూర్యాపేట పక్కన కాకతీయుల కాలపు గుళ్లున్న ఊరిని చెబుతుంది కానీ ఆ ఇంటివాళ్లు ఏం చేశారో చెప్పదు. పని పేరు అంటిన చోట కూడా అది ఏ తరంలో అంటిందో తెలియదు. ఒక తాత పదేళ్లు చేసిన తలారితనం ఆరు తరాలకు పేరై మిగలవచ్చు. వంద ఏళ్లు నీరటితనం చేసిన ఇంటికి ఆ పేరే అంటకపోవచ్చు. ఊళ్లో పొలాల పిలుపు పేర్లు ఇంతకంటే నమ్మదగినవి. నీరటోళ్ల మడి, తలారి మాన్యం, మంగలి చెలక అని రైతులు ఇప్పటికీ అనే చోట ఆ సర్వే నంబరు తీసి ఖాస్రాలో చూడాలి. నోటి మాట, కాగితం కలిసిన చోట అనుమానం తీరుతుంది.

సూర్యాపేట నుంచి కోదాడ వైపు పోతుంటే దారిలో మునగాల వస్తుంది. వంశచరిత్ర వెతికేవాళ్లకు ఈ చిన్న పరగణా పెద్ద పాఠం. చుట్టూ నిజాం రాజ్యం ఉండగా మునగాల జమీందారీ మాత్రం బ్రిటిష్ పాలనలోని కృష్ణా జిల్లాకు చెందింది. 1959లోగానీ అది నల్లగొండ జిల్లాలో కలవలేదు. పొరుగు ఊళ్లలో ఉన్న ఇద్దరు వియ్యంకుల కాగితాలు రెండు రాజ్యాల్లో, రెండు భాషల్లో, రెండు కాలమానాల్లో ఉండిపోయాయన్నమాట. ఒకరి వివరం ఉర్దూలో, ఫసలీ లెక్కన, రెండో ఆయనది మద్రాసు ప్రెసిడెన్సీ పద్ధతిలో. ఒక పక్క దొరకని తాత రెండో పక్క దొరుకుతాడు, రెండు చోట్లా వెతికినవాళ్లకే దొరుకుతాడు.

ఆ సరిహద్దు కొన్ని పనులను పుట్టించింది కూడా. నిజాం సర్కారు సుంకాల శాఖ పేరు కరోడ్‌గిరి. సరిహద్దు దారుల్లో దాని నాకాలుండేవి, సరుకు దించి చూసి సుంకం రాసే గుమాస్తాలు, కాపలా జవాన్లు ఆ నాకాల మీద బతికారు. ఇటు నడిచేది హాలీ సిక్కా, అటు కల్దార్ రూపాయి. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు లెక్క. సంతలో గేదెను కొన్న రైతు రెండు నాణేల మధ్య మోసపోకుండా వెల కట్టి మార్చి ఇచ్చే షరాబు ఈ దారి ఊళ్లకు అవసరమైన మనిషి. నాణెం మోగించి విని, వేళ్లతో అంచు తడిమి చూసే ఆ నేర్పు రెండు రూపాయలు ఒక్కటైన నాడు అక్కరకు రాకుండా పోయింది. షరాబుకు కళ్లంలో మేర లేదు, మారకంలో మిగిలే బట్టాయే వాటా. వాటా ఎక్కడ తీసుకున్నాడో అక్కడే పని ఉంది అన్న సూత్రం ఇక్కడా చెల్లుతుంది, కళ్లం స్థానంలో సంత వచ్చి చేరింది, అంతే.

ఇప్పుడు మనం మరచిన ఇంకో పనిదగ్గరికి రావాలి. వంశాలు గుర్తుపెట్టుకోవడమే తెలుగునాట ఒక బతుకుదెరువు. హరిద్వారంలో పండాలు బహీల్లో యాత్రికుల వంశాలు రాసి పెట్టుకున్నట్టు, తెలంగాణలో ఆశ్రిత కులాలవాళ్లు తమ దాతల గోత్రాలూ ఇంటిపేర్లూ నోటికి పెట్టుకుని తరతరాలుగా ఊళ్లు తిరిగారు. రెడ్లకు, గొల్లలకు పిచ్చకుంట్లవాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు, చాకళ్లకు పటం విప్పి మడేలు కథ చెప్పే మాసయ్యలు. ఏ కుటుంబం ఏ ఊళ్లు తిరగాలో వాళ్లలో వాళ్లకు పంపకం ఉంటుంది, దాన్ని మిరాశి అంటారు. దాత ఇచ్చేది బిచ్చం కాదు, దానికి త్యాగం అని పేరు, అది హక్కుగా అడిగి తీసుకునేది. ఇప్పుడు పిచ్చకుంట్లవాళ్లు వంశరాజులన్న పేరు ఎంచుకున్నారు, వాళ్లు చేసిన పనికి తగిన పేరది.

వాళ్ల మాట నమ్మవచ్చా అని పట్టుదలగా అడుగుతారు చరిత్రకారులు. త్యాగం ఇచ్చినవాణ్ని పొగడడం వాళ్ల పని, పొగడ్తలో వంశాన్ని శివుడి జడల నుంచో కాకతీయ చక్రవర్తి కొలువు నుంచో దించుతారు. ఆ భాగాన్ని చరిత్రగా తీసుకోమని నేను అనను. అయితే పొగడ్తకు పనికిరాని వివరాలు కూడా ఆ పాటలో ఉంటాయి. ఈ ఇంటివాళ్లు ఫలానా ఊరి నుంచి లేచి వచ్చారు, ఆ ఇంటితో కంచం పొత్తు ఉంది మంచం పొత్తు లేదు, నలుగురన్నదమ్ముల్లో ఒకడు ఫలానా చెరువు కింద స్థిరపడ్డాడు వంటివి. వీటిని మార్చి చెబితే కథకుడికే నష్టం. పెళ్లి సంబంధం చూసుకునేవాళ్లు గోత్రం సరిచూసుకునేది ఆయన మాట మీదే, ఆ మాట ఒకసారి తప్పితే ఊరు ఆయనకు మూసుకుపోతుంది. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి జరిగే లింగమంతుల జాతరను చూసినా ఈ పట్టింపు అర్థమవుతుంది. కేసారం నుంచి దేవరపెట్టె తరలి రావడం మొదలుకుని ఏ పని ఏ ఇంటివాళ్లది అన్నది వంశం లెక్కన నడుస్తుంది. నలుగురి ముందు నిలబడి హక్కు అడగవలసిన చోట వంశాన్ని ఇష్టమొచ్చినట్టు అల్లడం కుదరదు. దేవుళ్లతో ముడిపెట్టిన పై కొసను పక్కన పెట్టి, ఊళ్లతో ముడిపడ్డ కింది కొసను తీసుకోవాలి.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. వీటిని వృత్తులని ముద్దుగా పిలవడమేమిటి, ఇదంతా వెట్టి కాదా? ఈ ప్రశ్న అడిగే హక్కు ఈ నేలకు అందరికంటే ఎక్కువ. 1946 నుంచి 1951 వరకు సాగిన సాయుధ పోరాటంలో సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాలు నిలువునా కాలాయి, ఆ పోరాటానికి తొలి నిప్పు వెట్టే. పోరాటం నడిపిన సంఘం పెట్టుకున్న మొదటి షరతుల్లో వెట్టి మానిపించడం ఒకటి. దొర గడీలో నీళ్లు తోడినవాళ్లు, దొర కచ్చడానికి ముందు పరుగెత్తినవాళ్లు, దొర ఇంటి పెళ్లికి చెప్పులూ కుండలూ ఊరికే ఇచ్చినవాళ్లు మన తాతలే. వాళ్ల చాకిరీకి వింత వృత్తి అని పేరుపెట్టి మురిసిపోతే అది వాళ్లకు చేసే రెండో అన్యాయం. నేను కళ్లం వాటాను కొలమానంగా తీసుకున్నది ఈ తేడా చూపించగలదనే. చెరువు నీళ్లు పంచినందుకు నీరటికి మేర రాసి ఉంది. అదే నీరటిని దొర తన సొంత దొడ్డిలో నెల రోజులు తిప్పుకుంటే దానికి ఏ కాగితంలోనూ వాటా లేదు. చాకలికి ఊరి బట్టలకు గింజలున్నాయి, గడీలో రాత్రింబగళ్లు చేసినదానికి లేవు. వాటా ఉన్న పని వృత్తి, వాటా లేని పని వెట్టి. బేగరి అన్న మాట ఫారసీ బేగార్ నుంచి వచ్చింది, కూలి ఇవ్వకుండా చేయించుకునే చాకిరీ అని దాని అర్థం. ఆ మాట ఇంటిపేరుగా మోస్తున్న కుటుంబాలకు వాళ్ల తాత పని పేరులోనే, దానికి కూలి ముట్టలేదన్న సాక్ష్యం కూడా ఉంది. వంశచరిత్ర రాసేవాళ్లు ఈ రెంటినీ రెండు గళ్లలో రాయాలి, ఒక్క గడిలో కలిపితే అబద్ధమవుతుంది.

ఈ కొలమానానికి అందనివాళ్లూ ఉన్నారు, వాళ్ల సంగతి దాచడం న్యాయం కాదు. మొదట స్త్రీలు. మేర ఎక్కేది మగవాడి పేరున, చాకలి రేవులో సగం పని అతని భార్యది. ఊరంతటికీ పురుడు పోసిన మంత్రసాని పేరు ఏ పహాణీలోనూ లేదు. ఆమెకు ముట్టింది చేటలో పోసిన బియ్యం, ఒక చీర, నూనె, పసుపు, అంతా గడప లోపల జరిగిపోయింది. ఆమెను పట్టుకోవాలంటే ఇంట్లో పెద్ద ముసలమ్మలను, పెద్దబిడ్డ పురిటికి ఎవరు వచ్చారని ఇవాళే అడగాలి. తర్వాత గనుల కూలీలు. సూర్యాపేట జిల్లా దక్షిణ సరిహద్దున కృష్ణ దాటితే కొల్లూరు వజ్రాల గని ఉండేది. 17వ శతాబ్దంలో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే ఆడా మగా పిల్లలతో కలిపి దగ్గర దగ్గర 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోశారు. ఆ వేలమందిలో ఏటికి ఇవతలి ఊళ్లవాళ్లు లేరంటే నమ్మలేం, అయినా మా తాత వజ్రాల గనిలో చేశాడని చెప్పుకునే ఇల్లు వినబడదు. వాళ్లకు ముట్టింది నగదు కూలి, అది ఖర్చయిపోయాక ఆనవాలు మిగల్లేదు. గని ఉన్న చోటే ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉంది. మూడోవాళ్లు లంబాడీలు. తావెర్నియే తాను చూసిన ఎడ్ల బిడారుల్లో ఒక్కోదానిలో పది పన్నెండు వేల ఎడ్లుండేవని, ధాన్యం మోసేవాళ్లు, బియ్యం మోసేవాళ్లు, పప్పులు మోసేవాళ్లు, ఉప్పు మోసేవాళ్లు వేరువేరు తెగలని రాశాడు. మిర్యాలగూడ చుట్టుపక్కల తాండాల పెద్దలు ఏ కళ్లంలోనూ మేరకు నిలబడలేదు, ఊళ్ల మధ్య దారే వాళ్ల కళ్లం. వాళ్ల వంశాలు పాడే ఢాడీల నోట తప్ప ఆ చరిత్ర దొరకదు. దానికి ఒక భాగం పూర్తిగా కావాలి, వచ్చే సంచికలో అదే.

నీరటి దగ్గరికే మళ్లీ వచ్చి ముగిస్తాను, ఎందుకంటే ఆయన కథ ఇంకా నడుస్తున్నది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతం ముఖమే మారింది. ఎడమ కాలువ కింద రెండు పంటలు పండాయి, మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లులు లేచాయి, ఊరి చెరువు తూము మీద ఆధారపడే రైతు తగ్గాడు. కళ్లంలో కొలిచే మేర కూడా ఆ తరంతోనే పలచబడింది. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. వాళ్ల కింద ఉన్న సేత్‌సింధి, నీరటి, కావల్‌కారు అందరూ పేర్లు మారుతూ మారుతూ చివరికి గ్రామ రెవెన్యూ సహాయకులుగా తేలారు. 2023లో తెలంగాణ ప్రభుత్వం ఆ వ్యవస్థను కూడా ఎత్తివేసి వాళ్లను వేరే శాఖల్లో సర్దింది. అందులో నీటిపారుదల శాఖ ఒకటి. కాలువల మీద తూములు ఎత్తి దించే మనిషిని ఆ శాఖలో లస్కర్ అంటారు. లష్కర్ అంటే ఫారసీలో సైన్యం. నీరటి మునిమనవడు లస్కర్ అయిన ఇల్లు ఉంటే, ఇంకో వంద ఏళ్లకు ఆ ఇంటి పిల్లలు ఆ మాట చూసి తమ తాత ఏదో యుద్ధానికి పోయాడనుకోవచ్చు, ఇవాళ మనం షేక్‌సింధిని సింధు దేశస్థుడనుకుంటున్నట్టే. అందుకే ఇప్పుడు ఆ పనిలో ఉన్నవాళ్ల ఇంట్లో ఎవరైనా ఒక నోటుపుస్తకం తీసి, ఏ కాలువ మీద ఏ తూము నంబరు ఆయన చేతిలో ఉందో, దాని కింద ఎవరెవరి మళ్లున్నాయో, నెలకు ఎంత ముడుతున్నదో, అంతకుముందు వాళ్ల నాయనకు ఏ చెరువు కింద ఎన్ని కుంచాలు ముట్టేవో తేదీ వేసి రాసి పెట్టాలి.